తలుపు సందున నలిగిన తీగ



మేము అంబర్‌పేట్ నివాసులము. మా అత్తగారు కాలము చేసి రెండేండ్లయినది. ఆమె పాడిన మంగళహారతులు, పెండ్లినాటి చలనచిత్రములు, ఛాయాపటములు, అన్నియు కలిసి 200 గిగాబైట్లు, మా పాత కంప్యూటరులో నుండెను. ఇటీవల దాని డిస్కు టకటకమని చప్పుడు చేయసాగినది. అది పూర్తిగా చెడకముందే సర్వమును క్రొత్త కంప్యూటరునకు చేర్పబూనితిమి.

వైఫైమీద పంపగా సెకనుకు 3 మెగాబైట్లే కదలినవి. ఆ లెక్కను 18 గంటలకు పైగా పట్టును. ఇంటర్నెట్టు కంపెనీవారి నడుగగా, ఇంతకంటె పెద్ద ప్లాను తీసికొనుడనిరి. సొమ్ము కట్టబోవుచుండగా, తార్నాకలో కాపురముండి ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించు మా స్నేహితురాలు వారించినది. "అక్కయ్యా, ఈ గదినుండి ఆ గదికి పోవునది వీధి కెక్కదు గదా! వీధి వెడల్పు చేసిన మీ వంటింటి గుమ్మము వెడల్పగునా?"

ఆమె చెప్పినట్లు రెండు కంప్యూటర్లను రౌటరునకు తీగలతో కలిపితిమి. వేగము 11 మెగాబైట్లకు పెరిగి అచ్చటనే నిలిచినది. "ఈ అంకెయే రోగలక్షణము" అని యామె నవ్వినది. ఎనిమిది బిట్లు ఒక బైటు. సెకనుకు 100 మెగాబిట్ల దారిలో మనకు దక్కునది ఇంచుమించు 11 మెగాబైట్లే. తీగలోపల ఎనిమిది పోగులుండును. 100 మెగాబిట్లకు నాలుగు చాలును. 1999లో ప్రమాణమైన 1000 మెగాబిట్ల వేగమునకు ఎనిమిదియు కావలెను. ఒక్క పోగు తెగినను, యంత్రములు మనతో చెప్పకయే తక్కువ వేగమునకు దిగును. వెదకి చూడగా, పడకగది తలుపు సందున తీగ నలిగియున్నది! క్రొత్తది వేయగా గంట తిరుగకముందే పని ముగిసినది.

చదువరులు గుర్తుంచుకొనవలెను. మొదట తీగను మార్చి చూడుడు. అప్పటికిని 11 దాటనిచో రౌటరే 100కు పరిమితమైన పాతది కావచ్చును. వైఫైయే గతియైనచో రౌటరు చెంత కూర్చుండి 5 గిగాహెర్ట్‌జ్ వాడుడు. గోడ లడ్డమైనచో దాని బలము త్వరగా తగ్గును. వేలకొలది చిన్న ఫైళ్లు ఒక పెద్ద ఫైలుకంటె మెల్లగా సాగుట సహజము. డిస్కు చప్పుడు చేయుచున్నచో అమూల్యమైనవానిని ముందుగా పంపుడు. చేరినవని పాతవానిని వెంటనే చెరిపివేయకుడు. తెరచి చూచి, ఇంకొక ప్రతిని వేరుచోట దాచుడు.

ఆ రాత్రి ఇంటిల్లిపాదియు కూర్చుండి అత్తగారి హారతిపాట వింటిమి. పెద్ద ప్లానునకు కట్టబోయిన సొమ్ము మా కొంగుముడిలోనే మిగిలినది.