పాత పడవకు కొత్త లెక్క

పాత వస్తువు కొనేటప్పుడు మనమంతా దాని ధర దగ్గరే బేరమాడతాం. దాన్ని వాడుకలోకి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు సంగతి ముందుగా అడిగేవాడు నూటికొకడు. దిల్‌సుఖ్‌నగర్‌లో పాత మోటారుసైకిలు కొనబోయే కుర్రవాడు రెండువేలు తగ్గించుకొని విజయగర్వంతో ఇంటికి వస్తాడు. నెల తిరిగేసరికి టైర్లకీ, బాటరీకీ, గొలుసుకీ కలిపి ఎంత పెట్టాడో మాత్రం తండ్రిగారికి చెప్పడు. కుట్టుమిషనయినా అంతే, ఇల్లయినా అంతే. అయితే ఈమధ్య నా దగ్గరకు లెక్కకు వచ్చినది ఇవేవీ కావు. తెరచాప పడవ!

ఎల్బీనగర్‌లో తెరచాప పడవ ఏమిటని నవ్వుకుంటున్నారు గదూ? మా ఆవిడా నవ్వింది. మా మేనల్లుడు ఆదివారం ఆదివారం హుస్సేన్‌సాగర్‌కు వెళ్ళి పడవ నడపడం నేర్చుకున్నాడు. కుతుబ్‌షాహీల నాటి ఆ చెరువులో సికిందరాబాదు సెయిలింగు క్లబ్బువారూ, మిలిటరీవారూ, ఇంకా కొన్ని సంఘాలవారూ చాలాకాలంగా తెరచాపలెత్తుతున్నారు. వానాకాలంలో గాలి బాగా వీచే రోజుల్లో పోటీలు కూడా జరుగుతాయి. మావాడికిప్పుడు సొంత పడవ కావాలనిపించింది. పదేళ్ళ కొడుకును కూడా ఎక్కించుకొని తిప్పాలని సరదా. కొత్తది కొందామంటే పన్నే గుండె గుభేలుమనిపిస్తుంది. సరదా పడవలమీద 28 శాతం వున్న జి.యస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమయింది. అంచేత పాతదానిమీద కన్నుపడటంలో వింతేమీ లేదు.

విశాఖ సముద్రంలో తిరిగి తిరిగి, లారీ ఎక్కి వచ్చి, ఎల్బీనగర్ అవతల వొక షెడ్డులో పడుకొని వున్నది ఆ పడవ. అమ్మే ఆయన "చిన్న చిన్న రిపేర్లున్నాయి, అంతే" అన్నాడట. ఈ చిన్న చిన్న రిపేర్లనే మాట వినగానే మా అక్కయ్యకు అనుమానం వచ్చింది. డబ్బేమో చిట్టీ పాడిన డబ్బు. వచ్చే ఏడు అమ్మాయిని ఇంజనీరింగులో చేర్చడానికని వేసిన చిట్టీ. "మీ మామయ్యకు చూపించకుండా వొక్క పైసా ఇవ్వకు" అని కొడుకును నా దగ్గరకు తరిమింది. ముప్పైఏళ్ళు ఇంజనీరింగు శాఖలో ఎస్టిమేట్లు వేసి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి గనక, పడవ ఎక్కడం రాకపోయినా పడవ లెక్క రాకపోదని ఆవిడ నమ్మకం.

దీన్ని కాటమరాన్ అంటారు. మాట మన పక్కింటిదే. అరవంలో కట్టుమరం, అంటే కట్టిన కొయ్య. మన కోస్తాలో తెప్ప అంటామే, ఆ దుంగల కట్టకు వచ్చిన పేరు. ఇంగ్లీషువాళ్ళు ఆ పేరు పట్టుకుపోయి పసిఫిక్ దీవులవాళ్ళ జంటపడవకు తగిలించారు. మావాడు చూసిన రకానికి హోబీ సిక్స్‌టీన్ అని పేరు. అమెరికాలో హోబీ ఆల్టర్ అనే ఆయన 1970 ప్రాంతంలో తయారుచేసిన నమూనా. రెండు సన్నటి ఫైబరు డొప్పలు పక్కపక్కన తేలుతుంటాయి. వాటి నడుమ అల్యూమినియం చట్రం, చట్రానికి బిగించి కట్టిన వలగుడ్డ. మనుషులు కూర్చునేది ఆ గుడ్డమీదే. పొడవు పదహారడుగుల ఏడంగుళాలు, వెడల్పు ఎనిమిదడుగులకు అంగుళం తక్కువ, బరువు 145 కిలోలు, స్తంభం ఎత్తు ఇరవైఆరున్నర అడుగులు, తెరచాపలు రెండూ కలిపి 218 చదరపుటడుగులు. ఈ అంకెలు ముందుగా రాసుకోమన్నాను. కొలత లేనిదే లెక్క లేదు.

షెడ్డుకు వెళ్ళాం. మావాడు తెరచాప రంగులు చూస్తున్నాడు. నేను జేబులోంచి పది రూపాయల బిళ్ళ తీశాను.

ఆ డొప్పల నిర్మాణంలో వొక మర్మముంది. రెండు పలుచని గాజుపీచు పొరలు, వాటి నడుమ నురగ పలక. ఎండకూ తాకిడికీ ఏళ్ళు గడిచేసరికి పొర నురగనుంచి విడిపోతుంది. పైకి నున్నగా నిగనిగలాడుతూనే వుంటుంది, లోపల పట్టు వుండదు. సంతలో కుండ కొనే ఇల్లాలు వేలితో కొట్టి చూస్తుందే, అదే పరీక్ష ఇక్కడానూ. బిళ్ళతో జానెడు జానెడు కొట్టుకుంటూ పోయాం. మంచిచోట టకటక అంటుంది, విడిపోయిన చోట డబడబ అంటుంది. డబడబమన్న చోటల్లా సుద్దముక్కతో గీత గీశాను. చట్రం కాళ్ళు డొప్పలో దిగేచోట, అందులోనూ ముందుకాలికి ముందు, బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. ఈ రకం పడవకు అక్కడే జబ్బు చేస్తుంది. అన్నీ కొలిస్తే మూడు చదరపుటడుగులు తేలింది.

తరువాత తూకం. డొప్పలోకి నీరు దిగి నురగ పీల్చుకుంటే బరువు పెరుగుతుంది. పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారంలో వున్న రోజులయితే పెద్ద కాటాకోసం వెతుక్కోనక్కరలేకపోయేది. 2022 నాటికి అది బాటసింగారం తరలిపోయింది. పాత ఇనుప సామాను కొట్టువాణ్ణి బతిమాలి రెండు డొప్పల్నీ విడివిడిగా తూచాం. కవలపిల్లలు వొకే బరువు వుండాలి. ఎడమది కుడిదానికన్నా ఆరు కిలోలు ఎక్కువ తూగింది. ఆ ఆరు కిలోలూ విశాఖ నీళ్ళన్నమాట! అది పూర్తిగా ఆరిన తరువాతగాని పని మొదలెట్టకూడదు. తడిమీద వేసిన పొర పట్టదు.

బంపర్లూ, నీళ్ళ తొట్లూ చేసే ఫైబరు పనివాణ్ణి పిలిస్తే, చూడకుండానే వొక మొత్తం చెప్పేశాడు. నేను వొప్పుకోలేదు. చదరపుటడుగుకింత అని చెప్పమన్నాను. గాజుపీచు చాప చదరపు మీటరుకు 450 గ్రాముల రకమయితే దానికి కిలో, కిలోంబావు జిగురు పడుతుంది. అంటే సరుకు ఖర్చు తక్కువే, గీకడం, సానపట్టడం, కూలీలో వుంది డబ్బంతా. ఆడవాళ్ళూ, పిల్లలూ వినవలసిన సంగతి వొకటి చెబుతాను. ఈ జిగురులో కలిపే కోబాల్టు మందునూ, గట్టిపరిచే మందునూ నేరుగా వొకదానితో వొకటి కలపగూడదు, పేలిపోతుంది. వొకటి జిగురులో పూర్తిగా కలిసిన తరువాతే రెండోది పోయాలి. పెరట్లో మనమే చేసుకుందాంలే అనే పొదుపు మాట ఇక్కడ వద్దు.

ఇక స్తంభాన్ని నిలబెట్టే ఇనుపతీగెలు. ఇవి చూసినప్పుడే నాకు ఆ పదేళ్ళ కుర్రవాడు గుర్తుకొచ్చాడు. పైకి మెరుస్తున్నవే, చివర బిగించినచోట తుప్పు మరక, వొక పోగు తెగి ముల్లులా లేచివుంది. తీగె తెగితే ఇరవైఆరడుగుల స్తంభం కూర్చున్నవాళ్ళ నెత్తిన పడుతుంది. "హార్డువేరు కొట్టులో క్లాంపు బిగిస్తే సరిపోదా మామయ్యా?" అన్నాడు మావాడు. "నువ్వొక్కడివే ఎక్కేటట్లయితే ఆలోచిద్దాం" అన్నాను. మరి మాట్లాడలేదు. తీగెలన్నీ కొత్తవి, యంత్రంతో వొత్తి బిగించినవి వెయ్యాలని రాశాం. అన్నట్లు ఆ స్తంభం అల్యూమినియం. ఎల్బీనగర్ సందుల్లో దాన్ని నిలబెట్టి కరెంటు తీగెల కింద నడిపించడమంటే యముడికి పిలుపు పంపడమే. అమెరికాలో అలాంటి ప్రమాదాలు జరిగిన మీదటే 1980ల్లో స్తంభం చివరి భాగాన్ని ఫైబరుతో చెయ్యడం మొదలుపెట్టారు. ఇంట్లో వున్నంతసేపూ స్తంభం పడుకొనే వుండాలి.

వలగుడ్డ ఎండకు మాగి, కుట్లు వేలితో లాగితే ఊడివచ్చాయి. సీట్లు కుట్టే దుకాణంలో కుట్టిద్దామన్నాడు. కుట్టించవచ్చు, కాని దారం ఎండకు తట్టుకునే పాలియస్టరుదే వాడాలి. మామూలు దారమయితే మళ్ళీ వేసవికల్లా పీలికలే. తెరచాపల్లోనూ గుడ్డకన్న ముందు చచ్చేది దారమే. కుట్లు తిరగవేసి, రెండుచోట్ల మాసిక వేస్తే ఈ ఏడు గడుస్తుంది. కొత్త తెరచాపల ధర విని మావాడు మంచినీళ్ళడిగాడు.

లెక్క కట్టాం. పడవకు అడిగిన ధర నూరు రూపాయలనుకోండి. డొప్పల పని ముప్పై, తీగెలు పద్ధెనిమిది, వలగుడ్డ ఇరవైరెండు, తెరచాపల మాసిక తొమ్మిది, చుక్కాని సరంజామా ఎనిమిది, లారీ, కూలీ అయిదు, కొత్త లైఫ్‌జాకెట్లు మూడు. వెరసి తొంభైఅయిదు. కొత్త తెరచాపలు నూటముప్పై. అవి తప్పనిసరి కాదు గనక వేరే కాగితంమీద రాసి మడిచి పక్కన పెట్టించాను. క్లబ్బు చందా, పడవ నిలిపే అద్దె ఏటేటా వచ్చేవి. వాటిని జీతంలోంచి చూసుకోవాలి. మా శాఖలో కొత్త కట్టడానికి అనుకోని ఖర్చులంటూ నూటికి మూడునుంచి అయిదు వేసేవాళ్ళం. పాతదాన్ని విప్పాక లోపల ఏముంటుందో ఎవడికెరుక? నూటికి ఇరవైఅయిదు చొప్పున ఇరవైనాలుగు వేశాను. మావాడు గొణిగాడు గాని నేను కొట్టెయ్యనివ్వలేదు. అంటే నూరు రూపాయల పడవ నీటిలో దిగేసరికి రెండు వందల పందొమ్మిది!

భార్యాభర్తలిద్దరూ చిట్టీ డబ్బులోంచి అమ్మాయి చదువుకు తీసిపెట్టగా ఈ సరదాకు విడిచిన మొత్తం మా కొలతలో నూటఅరవై.

"అయితే వదులుకోవలసిందేనా మామయ్యా?" అన్నాడు మొహం వేలవేసుకొని.

"తీసివేత రాదటరా? నూటఅరవైలోంచి నూటపందొమ్మిది తీసెయ్. ఎంత మిగిలింది?"

"నలభైఒకటి."

"పడవకు నువ్వు ఇవ్వగలిగింది అదీ."

అమ్మే ఆయన మొదట నవ్వాడట. మావాడు సుద్దగీతల ఫోటోలూ, రెండు డొప్పల తూకాలూ పంపించాడు. నాలుగు రోజులు కబురు లేదు. అయిదోనాడు ఆయనే ఫోను చేసి డెబ్భై అన్నాడు. ఈ వారానికి యాభైఅయిదు దగ్గర నిలబడ్డాడు, మావాడు నలభైఒకటి దగ్గర కదలకుండా వున్నాడు. అమ్మాయి ఫీజు డబ్బు వాళ్ళమ్మ వేరే ఖాతాలో వేసేసింది. ఆ పాసుపుస్తకం ఆవిడ బీరువాలోనే వుంది, తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే.