తుప్పు మీద రంగు వేసి అమ్మకండి



విశాఖలో పాత మోటార్ సైకిళ్లకు మళ్లీ మంచి రోజులొచ్చాయి. ఒకప్పుడు పాత ఇనప సామాన్ల కొట్టుకి కిలోల లెక్కన పోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 కోసం ఇప్పుడు కుర్రాళ్లు కొత్త బండి డబ్బు పెడుతున్నారు. యెజ్దీ కనిపిస్తే ఆగి ఫోటో తీసుకుంటున్నారు. దాదాజాన్ బుల్లెట్‌ని మనవడు షెడ్డుకి తోసుకొస్తున్నాడు. ఈ శౌఖ్‌ని నేను తప్పు పట్టను. ఫోన్‌లో తల దూర్చి కూర్చోవడం కంటే కార్బరేటర్ విప్పి కూర్చోవడం వెయ్యి రెట్లు నయం.

నా షికాయత్ ఒక్కటే. ఈ బజారులో ఐబ్ దాచి అమ్మడం మామూలైపోయింది. మోసపోతున్నది చిట్టీ డబ్బు, గల్ఫ్ నుంచి భాయ్‌జాన్ పంపిన డబ్బు, పోర్టులో కాంట్రాక్టు పనికి వచ్చిన మొదటి జీతం చేతిలో పట్టుకుని వెళ్లే మన ఖాందాన్ల పిల్లలు. బద్నామ్ అవుతున్నది మన ఉస్తాదులు. కాబట్టి సూటిగా చెబుతున్నా: పాత బండి అమ్మేవాడు దాని లోపాలన్నీ రాసిన కాగితం కూడా ఇవ్వాలి. నిఖానామా ఉంది, వసీయత్‌నామా ఉంది, కిరాయానామా ఉంది. దీన్ని ఐబ్‌నామా అందాం.

ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

ముందు ఈ బండ్ల వయసు చూడండి. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి వచ్చింది 1985లో, ఆగిపోయింది 1996లో. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో మొదలై, 1973 నుంచి యెజ్దీ పేరుతో బండ్లు తీసి, అది కూడా 1996లోనే మూతపడింది. అంటే ఎంత చిన్న వయసు ఆర్‌ఎక్స్ 100 అయినా, ఎంత చిన్న వయసు యెజ్దీ అయినా ముప్పై ఏళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. బుల్లెట్ కథ ఇంకా వెనక్కి, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టిన రోజుల దాకా పోతుంది. ఇన్నేళ్ల బండిలో ఐబ్ లేకపోవడం ముమ్‌కిన్ కాదు. ఐబ్ ఉండటం గునాహ్ కాదు. దాచడం గునాహ్.

అందులోనూ మన ఊరి సంగతి వేరు. ఇక్కడ గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు ఇనుము మీద కంటికి కనపడని పొరలా పేరుకుని గాలిలోని తేమని పట్టి ఉంచుతుంది. వాన లేని రోజున కూడా ఇనుము తడిగానే ఉన్నట్టు లెక్క. క్రోమ్ పూతలో సూదిమొనంత రంధ్రం పడితే చాలు, పైన మెరుస్తూ ఉండగానే కింద ఇనుమంతా తినేస్తుంది. పోర్టు పక్క మొహల్లాల్లో బొగ్గు దుమ్ము, ముడి ఇనుము దుమ్ము దానికి తోడు. సింధియా, మల్కాపురం, వన్‌టౌన్ వైపు ఇరవై ఏళ్లు తిరిగిన బండిని, హైదరాబాదులో ఇరవై ఏళ్లు తిరిగిన బండిని పక్కపక్కన పెట్టి కింద పడుకుని చూడండి. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఉర్దూలో తుప్పుని జంగ్ అంటాం, యుద్ధాన్నీ జంగ్ అంటాం. ఉర్దూ లిపిలో మొదటిది ‘జే’తో, రెండోది ‘జీమ్’తో మొదలవుతుంది, పలకడం కూడా వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయిపోతాయి. విశాఖలో పాత బండి పెట్టుకున్నవాడికి తెలుగు రాతే కరెక్టు. తుప్పుతో పోరాటం రోజూ ఉండేదే.

ఇప్పుడు ఆ పోరాటం చేయకుండానే గెలిచినట్టు చూపించే పద్ధతి ఒకటి వచ్చింది. మడ్‌గార్డుకి చిల్లు పడితే వెనక నుంచి రేకు ముక్క అంటించి, పైన లప్పం మెత్తి, గీకి, మెరిసే రంగు కొడతారు. పెట్రోల్ ట్యాంకు లోపల తుప్పు రాలుతున్నా బయట కొత్త స్టిక్కర్లు అంటిస్తారు. ఛాసిస్ గొట్టం లోపల నుంచి పలచబడితే పైన వెల్డింగ్ పెట్టి నల్ల రంగు పులుముతారు. ఆర్‌ఎక్స్ 135 సామాను వేసి ఆర్‌ఎక్స్ 100 అని అమ్ముతారు. ఫోటోలో చూస్తే మాషా అల్లాహ్ అనిపిస్తుంది. రెండు వర్షాకాలాలు పోయాక రంగు బుడగలు లేస్తుంది. గుంతలో పడినప్పుడు పలచబడిన గొట్టం విరిగితే పోయేది డబ్బు మాత్రమే కాదు, వెనక సీటు మీద కూర్చున్న మనిషి ప్రాణం.

ఈ ఊరికి మరమ్మతు అంటే ఏమిటో తెలియదా? 1948లో ‘జల ఉష’ నీటిలోకి దిగిన ఊరు ఇది. షిప్‌యార్డులో పని చేసిన ఏ చాచానైనా అడగండి. ముందు తుప్పు గీకాలి, అసలు లోహం కనపడాలి, ప్రైమర్ కొట్టాలి, రంగు ఆఖరున. గీకకుండా రంగు వేస్తే తుప్పుకి పరదా కట్టినట్టే. అసలు మరమ్మతు అనే మాటే మన ఉర్దూ మరమ్మత్ నుంచి తెలుగులోకి వచ్చింది. మాట మనది అయినప్పుడు దాని ఇజ్జత్ కాపాడే జిమ్మేదారీ కూడా మనదే.

ఇంజన్ సంగతి కూడా ఇంతే. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ బోరు 50 మిల్లీమీటర్లు. పిస్టన్ అరిగినప్పుడల్లా లేత్ షాపులో బోరు పెంచి కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. పెంచడానికీ ఒక హద్దు ఉంటుంది, అది దాటితే కొత్త స్లీవు దింపాలి. కొనేవాడికి తెలియాల్సింది ఇప్పటికి ఎన్నిసార్లు బోర్ చేయించారన్నది. అమ్మేవాడు చెప్పేది మాత్రం ‘ఇంజన్ చేయి పెట్టలేదు భాయ్’ అని.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో ఈ20 పెట్రోల్. ఇరవై శాతం ఇథనాల్. ఆ కాలం బండ్లు దీని కోసం తయారైనవి కావు. పాత రబ్బరు పైపులు, సీళ్లు దీనికి ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉంచితే ఆ నీరు ట్యాంకు అడుగుకి దిగి లోపల నుంచి తుప్పు పట్టిస్తుంది. ఆదివారం మాత్రమే బయటికి తీసే బండికి ఈ ప్రమాదం ఎక్కువ. కొనేటప్పుడే పైపులు, సీళ్లు మార్చారా లేదా అని అడగాలి.

ఇనుము తరవాత కాగితాలు. ఇక్కడ దాచే ఐబ్‌లు ఇంకా ప్రమాదం. ఏపీ 31 నంబరు చూసి మురిసిపోయి, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉందో చూడరు. చాలాసార్లు అసలు యజమాని ఇంతెకాల్ అయి ఏళ్లు గడిచి ఉంటాయి. యజమాని చనిపోతే 30 రోజుల్లోపు రవాణా కార్యాలయానికి తెలపాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుడి పేరుకి మార్పించాలి. మామూలు అమ్మకానికి 29, 30 ఫారాలు. సంతకం ఒకటే పెట్టి మిగతాది ఖాళీగా వదిలేసిన ఫారాలు చేతులు మారుతుంటే ఆ బండి మీద ఏ కేసు పడినా ఎవరి మెడకి చుట్టుకుంటుందో అల్లాహ్‌కే తెలియాలి. ఆర్‌సీ పదిహేనేళ్లకి అయిపోతుంది, తరవాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఛాసిస్ మీద గుద్దిన నంబరు, ఇంజన్ నంబరు, ఆర్‌సీలో నంబరు మూడూ కలవకపోతే ఎంత సస్తా అయినా వదిలేసి రండి.

ఇంకో మాట. మనం ముద్దుగా వింటేజ్ అంటున్నవి చట్టం దృష్టిలో వింటేజ్ కావు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ హోదా. దానికి కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనకీ ర్యాలీకీ మాత్రమే. ఆ లెక్కన మొదటి ఆర్‌ఎక్స్ 100కి కూడా 2035 దాకా ఆగాలి. ఫ్రేము కోసి, ఇంజన్ మార్చి, గోల పెట్టే సైలెన్సర్ తగిలించిన బండికి ఆ రోజు కూడా రాదు. ‘వింటేజ్ పీస్’ అని ధర పెంచి చెప్పేవాడిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: అసలు రూపం ఎంత మిగిలింది?

ధాన్యం కుప్ప వాఖియా మనలో ప్రతి ఇంటా తెలిసిందే. మదీనా బజారులో రసూలుల్లాహ్ (స) ఒక కుప్పలో చేయి పెట్టారు, లోపల తడి తగిలింది. వానకి తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. మరి జనానికి కనపడేలా తడి గింజలు పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. ధోకా చేసేవాడు మనవాడు కాదన్నారు. గమనించండి, తడి గింజలు అమ్మొద్దని అనలేదు. పైన పెట్టమన్నారు. పాత బండికి ఇంతకంటే సాఫ్‌గా చెప్పే ఉసూల్ ఇంకేముంది? తుప్పు ఉన్న బండి అమ్ముకోండి. తుప్పుని పైన పెట్టి అమ్మండి.

ఇప్పుడు ఉస్తాదుల మాట. మన కోస్తా ఊళ్లలో బండి ఆగిపోతే ‘సాయిబు షెడ్డుకి తోయ్’ అంటారు. ఆ మాటలో ఎంత భరోసా ఉందో చూడండి. చప్పుడు విని రోగం చెప్పే చెవులు, రేంజి పట్టి పట్టి గట్టిపడిన వేళ్లు. యెజ్దీలో కిక్ రాడ్డే గేరు రాడ్డు కూడా అన్న సంగతి కొత్త కుర్రాడికి ఆశ్చర్యం. ఉస్తాద్‌కి అది నిద్రలో కూడా తెలుసు. కానీ ఆయన కొడుకు ఆ షెడ్డులోకి రావడం లేదు. వద్దని అనేది ఆయనే. పిల్లనిచ్చేవాళ్లు మెకానిక్ అంటే మొహం చిట్లిస్తున్నారు. నల్లబడిన చేతుల్ని మనం హునర్‌గా చూడం, గురబత్‌గా చూస్తాం. ఐటీఐ కాగితం ఉన్నవాడికి ఉద్యోగం; నలభై ఏళ్ల తజ్రుబా ఉన్నవాడికి కాగితం లేదు. పాత అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కౌశల్ వికాస్ యోజనలో ఉంది. మన షెడ్లలో ఎంతమందికి ఆ సంగతి చెప్పాం?

ఐబ్‌నామా ఇక్కడే పనికొస్తుంది. దాన్ని రాయాల్సింది ఉస్తాదే. ఒక పేజీ చాలు. ఎన్నిసార్లు బోర్ చేశారు. ఛాసిస్‌కి ఎక్కడ వెల్డింగ్ పడింది. ఏ సామాను అసలుది, ఏది నకలు, ఏది వేరే బండిది. ట్యాంకు లోపల ఎలా ఉంది. నంబర్లు కలిశాయా. ఆర్‌సీ ఎవరి పేరు, ఎప్పటిదాకా. బీమా ఉందా. కింద తేదీ, సంతకం. తెలుగులో రాసినా సరే, ఉర్దూలో రాసినా సరే. రాత రాని ఉస్తాద్ చెబుతుంటే పక్కన షాగిర్ద్ రాస్తాడు. ఆ రాతలో వాడు పని నేర్చుకుంటాడు. ఈ తనిఖీకి ఫీజు ఇవ్వాలి. డాక్టరు నాడి పట్టినందుకు ఇస్తాం కదా. ‘చూసి చెప్పండి ఉస్తాద్’ అని గంట సేపు పని చేయించుకుని చాయ్ తాగించి వెళ్లిపోవడం మజ్దూరీ ఎగ్గొట్టడమే.

ఐబ్ చెబితే ధర పడిపోతుందని అమ్మేవాళ్లు అంటారు. నిజమే, పడుతుంది. పడాల్సిన ధరే పడుతుంది. మిగిలినది మీ హఖ్ కాదు. ఆ తరవాత ‘మోసం చేశావ్’ అని గుమ్మం ముందుకి ఎవరూ రారు. కొన్నాళ్లకి ఐబ్‌నామా ఉన్న బండికే ఎక్కువ ధర పలుకుతుందని నా యకీన్.

ఇది ఇస్రాఫ్ కాదా అని కొందరు బుజుర్గులు అడుగుతారు. ఆ సవాల్‌ని తేలిగ్గా తీసెయ్యను. చెల్లెలి చదువు ఫీజు ఆగి ఉండగా క్రోమ్ సైలెన్సర్ కొంటే ఇస్రాఫే. అప్పు చేసి కొంటే ముసీబతే. టూ స్ట్రోక్ పొగ కూడా నిజమే. అసలే దుమ్ము తింటున్న ఊళ్లో దాన్ని రోజూ తిప్పాల్సిన పని లేదు. కానీ ఇంట్లో మూల పడి ఉన్న అబ్బాజాన్ బండిని తుక్కు కానివ్వకుండా, ఒక కారీగర్‌కి న్యాయమైన మజ్దూరీ ఇచ్చి నడిచేలా చేసుకోవడం దుబారా ఎలా అవుతుంది?

ఈ జుమా తరవాత మీ మొహల్లా షెడ్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కొనే ఉద్దేశం లేకపోయినా ఉస్తాద్‌తో ఐబ్‌నామా మాట ఎత్తండి. మీ ఇంట్లో అమ్మకానికి బండి ఉంటే మొదటి కాగితం మీ పేరుతోనే రాయించండి. తుప్పు ఎక్కడుందో మొదటి లైనులోనే ఉండనివ్వండి.