నగర్నార్‌కు వచ్చే విదేశీ నిపుణులు: వీసా చట్టంలో సలహా ఎవరికి, సమాచారం ఎవరికి?

2025 సెప్టెంబరులో మూడు వారాల వ్యవధిలో రెండు వీసా నిర్ణయాలు అమల్లోకి వచ్చాయి. కొత్త హెచ్‌-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 19వ తేదీన ప్రకటనపై సంతకం చేశారు. ఆ వార్త చర్చకు రాని తెలుగు ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. అదే నెల ఒకటో తేదీన భారతదేశంలో ‘వలస, విదేశీయుల చట్టం-2025’ అమల్లోకి వచ్చింది. 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి నాలుగు చట్టాల స్థానాన్ని అది ఆక్రమించింది. దీని గురించి మాట్లాడినవారు తక్కువ. వీసా అంటే మనవారు బయటికి వెళ్లడానికి కావలసిన కాగితం అన్న భావన మన సమాజంలో అంతగా పాతుకుపోయింది.

బస్తర్‌లో ఈ ప్రశ్న తలకిందులుగా ఎదురవుతుంది. అక్కడికి నిపుణులు బయటి నుంచి వస్తారు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు సరఫరా చేసేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. కొత్తవలస-కిరందుల్ రైలుమార్గం, విశాఖ రేవు విస్తరణ ఆ ఒప్పందం వెంట వచ్చినవే. గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. అదే సంస్థ జగదల్‌పూర్ సమీపంలోని నగర్నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారాన్ని నిర్మించింది. 2023 ఆగస్టులో ఉత్పత్తి మొదలైంది, అక్టోబరు 3న ప్రధాని దానిని జాతికి అంకితం చేశారు. 4,506 ఘనపు మీటర్ల బ్లాస్ట్ ఫర్నేస్ సాంకేతికత నెదర్లాండ్స్ కేంద్రంగా ఉన్న డానియెలీ కోరస్‌ది. ఇంతటి కొలిమిని నిలబెట్టి వెలిగించాలంటే విదేశీ ఇంజినీర్లు రావలసిందే, అందులో తప్పుపట్టవలసింది లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2024-30 పారిశ్రామిక విధానంతో బస్తర్‌కు పెట్టుబడులను ఆహ్వానిస్తున్నందున ఈ రాకపోకలు పెరిగే అవకాశమే ఎక్కువ.

వారు ఏ వీసాపై రావాలన్నది చాలాకాలం వివాదాస్పదంగా ఉంది. విద్యుత్, ఉక్కు ప్రాజెక్టుల్లో పనిచేసే విదేశీయులు, ముఖ్యంగా చైనీయులు, వ్యాపార వీసాపై వచ్చి కార్మికుల పని చేస్తున్నారన్న ఆరోపణలు 2009లో ముమ్మరమయ్యాయి. అటువంటివారు స్వదేశం వెళ్లి ఉద్యోగ వీసాతో తిరిగి రావాలని కేంద్రం ఆ ఏడాది ఆదేశించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 23న ఛత్తీస్‌గఢ్ ఉత్తర భాగంలోని కోర్బాలో నిర్మాణంలో ఉన్న పొగగొట్టం కూలి నలభై మందికి పైగా కార్మికులు మరణించారు. అక్కడ ప్రధాన కాంట్రాక్టరు చైనా సంస్థే. దుర్ఘటనకూ వీసాకూ నేరుగా సంబంధం లేకపోయినా, బయటి నుంచి వచ్చినవారు స్థలంలో ఏ హోదాలో, ఎవరి బాధ్యతపై ఉన్నారన్న ప్రశ్న ఆ తరువాత రాష్ట్రాన్ని వదలలేదు.

ఉద్యోగ వీసా నిబంధనలు చదవడానికి స్పష్టంగానే ఉంటాయి. వచ్చే వ్యక్తి నిపుణుడై ఉండాలి. అర్హులైన భారతీయులు ఎక్కువగా దొరికే పనికి ఈ వీసా ఇవ్వరు. కొన్ని మినహాయింపులు పోగా వార్షిక వేతనం 16 లక్షల 25 వేల రూపాయలకు తగ్గరాదు. వీసా గడువు 180 రోజులు మించితే వచ్చిన 14 రోజుల్లో నమోదు చేసుకోవాలి. జిల్లాల్లో ఆ అధికారం సాధారణంగా పోలీసు సూపరింటెండెంటుకు ఉంటుంది. కొత్త చట్టంలో శిక్షలు కఠినంగానే ఉన్నాయి. గడువు దాటి ఉన్నా, వీసా షరతులు ఉల్లంఘించినా మూడేళ్ల వరకు జైలు, మూడు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. విదేశీయుడు కానని రుజువు చేసుకోవలసిన భారం ఆరోపణ ఎదుర్కొనే వ్యక్తిదే. ప్రవేశంపై ఇమ్మిగ్రేషన్ అధికారి నిర్ణయమే అంతిమం, దానిపై అప్పీలుకు చట్టంలో ఏర్పాటు లేదు. మిగిలేది హైకోర్టులో రిట్ పిటిషన్. ఆ హైకోర్టు బిలాస్‌పూర్‌లో, జగదల్‌పూర్‌కు దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఇంత కఠినమైన చట్టంలో న్యాయసలహా ఎవరికి అందుతోంది? మహానగరాల్లోని న్యాయసంస్థలు సాధారణంగా యాజమాన్యం తరఫున పనిచేస్తాయి. ఫీజు చెల్లించేదీ యాజమాన్యమే. విదేశీ ఇంజినీరుకూ కంపెనీకీ జీతం విషయంలో పేచీ వస్తే ఆ న్యాయవాది ఎవరి పక్షాన నిలుస్తారో ఊహించడం కష్టం కాదు. పైగా అనుబంధ సంస్థల మధ్య బదిలీ వంటి కొద్ది సందర్భాల్లో తప్ప, దేశంలో ఉండగానే యజమానిని మార్చుకునే వీలు ఉద్యోగ వీసాలో లేదు. ఉద్యోగం పోతే నిపుణుడు తిరుగుముఖం పట్టవలసిందే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇంజినీర్లకు ఈ పరాధీనత కొత్త కాదు. అయితే అక్కడ ఉద్యోగం కోల్పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంది. ఆలోగా మరో సంస్థ వారి తరఫున దరఖాస్తు చేయవచ్చు.

ఉచిత న్యాయ సహాయం సంగతి మరింత విచిత్రం. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ భారత పౌరసత్వాన్ని షరతుగా పెట్టలేదు. కానీ పదహారు లక్షల వేతనం పొందే విదేశీ నిపుణుడు ఆదాయ పరిమితిలోకి రాడు. మహిళ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హురాలు. పురుషుడికి ప్రధానంగా మిగిలే దారి ‘నిర్బంధంలో ఉన్న వ్యక్తి’ అన్న నిబంధనే. అంటే సలహా అవసరమైన రోజున కాదు, కటకటాల వెనక్కి వెళ్లిన తరువాత సహాయం అందుతుంది.

అదే సెక్షన్ కింద బస్తర్ ఆదివాసీకి ఆదాయంతో పనిలేకుండా మొదటి నుంచే హక్కు ఉంది. నగర్నార్ కోసం 2001 నుంచి భూములు ఇచ్చిన గ్రామాల యువతకు ఉద్యోగాలన్నది ఇప్పటికీ సజీవమైన డిమాండు. వారిలో ఐటీఐ, డిప్లొమా చదివినవారూ ఉన్నారు. ‘అర్హులైన భారతీయులు దొరికే పని’ అన్న షరతు వారి కోసం రాసినట్టే కనిపిస్తుంది. కానీ ఏ పనికి, ఏ నైపుణ్యం చూపి, ఎంతమందికి వీసా కోరారో వారికి తెలిసే మార్గం లేనప్పుడు ఏ అభ్యంతరంతో ఏ కోర్టు మెట్లెక్కాలి? అయిదో షెడ్యూలు ప్రాంతం కనుక భూసేకరణపై గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. వీసాల విషయంలో గ్రామసభ ప్రసక్తే లేదు. ప్రభుత్వరంగ సంస్థను సమాచార హక్కు చట్టం కింద ప్రశ్నించవచ్చు, దాని కింద పనిచేసే ప్రైవేటు ఉపకాంట్రాక్టర్లను నేరుగా ప్రశ్నించడం కుదరదు.

ఇక్కడ అమెరికా పద్ధతి నుంచి నేర్చుకోదగినది ఒకటి ఉంది. హెచ్‌-1బి ఉద్యోగిని తీసుకునే సంస్థ ముందుగా కార్మిక శాఖకు వేతన, పని పరిస్థితుల దరఖాస్తు ఇవ్వాలి. కార్మిక సంఘం లేని చోట ఆ నోటీసును పనిస్థలంలో అందరికీ కనిపించేలా రెండుచోట్ల పది రోజులు అతికించాలి, లేదా ఎలక్ట్రానిక్ రూపంలో తెలియజేయాలి. వేతనం ఎంతో, ఏ హోదానో తెలిపే ఫైలును ఎవరు అడిగినా చూపాలి. నష్టపోయామనుకున్నవారు ఫిర్యాదు చేయవచ్చు. ఆ వ్యవస్థలో లొసుగులు లేవని కాదు, వాటివల్ల మోసపోయినవారిలో తెలుగువారూ ఉన్నారు. అయినా గోడమీద కాగితం ఉండటం, లేకపోవడం ఒకటి కావు. నగర్నార్ గేటు వద్ద హిందీలో, హల్బీలో అటువంటి నోటీసు అతికించడానికి పెద్దగా ఖర్చు కాదు. అది విదేశీ ఇంజినీరుకూ రక్షణే. తన పేరిట ఏ వేతనం, ఏ హోదా చూపారో అతనికీ తెలుస్తుంది.

ప్రస్తుత ధోరణి మాత్రం వేరే దిశలో ఉంది. యంత్రాల బిగింపు, ప్రారంభ పనుల కోసం వచ్చే నిపుణుల కోసం 2026 జనవరి నుంచి ఇ-బి-4 అనే ఎలక్ట్రానిక్ వ్యాపార వీసా అందుబాటులోకి వచ్చింది. ఆహ్వానించే కంపెనీయే ఆన్‌లైన్ పోర్టల్‌లో స్పాన్సర్‌షిప్ లేఖ తీసుకుంటుంది, నిపుణుడు ఆరు నెలల వరకు ఉండవచ్చు. ఆగిపోయిన ప్రాజెక్టులకు ఇది ఊరట. అయితే 180 రోజులు మించని వీసాకు జిల్లాలో నమోదు అవసరం లేదు. ఆ నిపుణుడు బస్తర్‌లో దిగిన సంగతిని 24 గంటల్లో తెలియజేయవలసిన బాధ్యత అతనికి గది ఇచ్చిన జగదల్‌పూర్ లాడ్జి యజమానిదే.