హారన్ కొట్టాను కదా!

ఈ సంచికకి కవిత ఇస్తానని మా ఎడిటర్‌కి మాటిచ్చాను. కానీ నెల రోజులుగా నా బుర్రలో రెండు చిన్న విమానాలు తిరుగుతున్నాయి. అవి దిగితే గానీ కవిత కుదిరేలా లేదు. అందుకే ఈ వ్యాసం.

టెక్నికల్ సెమినార్‌కి టాపిక్ వెతుకుతుంటే ఈ ప్రమాదం గురించి చదివాను. 2022 ఆగస్టు 18. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని వాట్సన్‌విల్ అనే ఊరు. అక్కడి ఎయిర్‌పోర్టు మన శంషాబాద్ లాంటిది కాదు. కంట్రోల్ టవరే లేదు. అమెరికాలో అలాంటివి వేలల్లో ఉన్నాయి. వచ్చేపోయే పైలట్లంతా ఒకే రేడియో ఫ్రీక్వెన్సీ పెట్టుకుని, నేను ఫలానా చోట ఉన్నాను, ఫలానా రన్‌వే మీద దిగుతున్నాను అని చెప్పుకుంటారు. విన్నవాళ్లు సర్దుకుంటారు. పద్ధతి అంతే.

ఆ మధ్యాహ్నం ఒక సెస్నా 152 అక్కడే చక్కర్లు కొడుతూ ల్యాండింగులు ప్రాక్టీస్ చేస్తోంది. రెండు సీట్లు, ఒకటే ఇంజన్. ఇంకోవైపు రెండు ఇంజన్ల సెస్నా 340 ఒకటి దూరం నుంచి తిన్నగా రన్‌వే వైపు వస్తోంది. పది మైళ్ల దూరంలో ఉన్నప్పుడు దాని పైలట్ చెప్పాడు, మూడు మైళ్లప్పుడూ చెప్పాడు. చిన్న విమానం పైలట్ కూడా తానెక్కడున్నాడో చెబుతూనే ఉన్నాడు. చివర్లో వెనకనుంచి అది మరీ స్పీడుగా వచ్చేస్తోందని గమనించి, దిగడం మానేసి పైకి వెళ్లిపోతున్నానని కూడా చెప్పాడు. క్షణాల్లో రెండూ గుద్దుకున్నాయి. ముగ్గురు చనిపోయారు.

పెద్ద విమానం పైలట్ చిన్నదాన్ని చూసి తప్పుకోలేకపోవడమే కారణమని అక్కడి రవాణా భద్రతా బోర్డు తేల్చింది. సెమినార్‌లో నేను ఇంతవరకు చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒకడు, "పైలట్ తప్పురా, నెక్స్ట్ స్లైడ్!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే సెకండియర్‌లో ఒక సాయంత్రం, హాస్టల్ రోడ్డు మెయిన్ రోడ్డులో కలిసే ఆ గోడ మలుపు దగ్గర, నా బైక్ ఒక జూనియర్ బైక్‌ని గుద్దింది. నేను హారన్ కొట్టాను. అతనూ కొట్టాడట. రెండు హారన్లూ ఒకేసారి మోగితే ఎవరి హారన్ వాళ్లకే వినిపించింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది. అతనికి కుడి మణికట్టు విరిగింది, సెకండ్ మిడ్ రాయలేకపోయాడు. ఆ వారమంతా కనబడిన ప్రతివాడికీ నేను చెప్పిన మాట ఒక్కటే: "హారన్ కొట్టాను కదా!" తర్వాత నోటీసు బోర్డులో ఒక కాగితం పడింది. విద్యార్థులు జాగ్రత్తగా నడపవలెను. గోడ మాత్రం అలాగే ఉంది.

నా అభిప్రాయం ఏంటంటే, "చూసి తప్పుకో" అనేది మంచి సలహానే, కానీ దాన్ని భద్రతా వ్యవస్థ అనుకోవడం మోసం. కంటికి చేతకాని పనిని కంటికి అప్పజెప్పి, అది చెయ్యలేకపోతే తప్పంతా కంటిదే అనడం.

కాస్త లెక్క వేద్దాం. పెద్ద విమానం చివర్లో సుమారు 180 నాట్ల వేగంతో ఉంది. ముందున్న చిన్నది 70 నాట్లు అనుకుందాం. తేడా 110 నాట్లు, అంటే సెకనుకి 57 మీటర్లు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, గుర్తుపట్టి, నిర్ణయించుకుని, విమానాన్ని పక్కకి తిప్పడానికి మొత్తం 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థే తన సూచనల్లో చెబుతుంది. 12.5 ఇంటూ 57, దాదాపు 700 మీటర్లు. సెస్నా 152 రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరికి 10 మీటర్లు. 700 మీటర్ల దూరం నుంచి చూస్తే అది ఒక డిగ్రీ కూడా ఉండదు. చెయ్యి చాచి చిటికెన వేలు చూసుకోండి, దాని మందం కన్నా తక్కువ. అదీ కింద ఇళ్లు, రోడ్లు, పొలాల మధ్య.

ఇంకో తిరకాసు ఉంది. మన కన్ను కదిలేదాన్ని ఇట్టే పట్టేస్తుంది. కానీ రెండు విమానాలూ ఒకే వేగంతో తిన్నగా గుద్దుకునే దారిలోనే ఉంటే, అవతలి విమానం మన అద్దం మీద పక్కకి జరగదు. ఒక్కచోటే చుక్కలా ఉండిపోతుంది. దూరం సగమైనప్పుడల్లా సైజు రెట్టింపు, అంతే. చివరి రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా అద్దమంతా నిండిపోతుంది. అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన విమానమే అన్నిటికన్నా తక్కువ కదులుతుంది!

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. 1986 ఆగస్టు 31న కాలిఫోర్నియాలోనే సెరిటోస్ మీద ఒక చిన్న పైపర్ విమానం, ఏరోమెక్సికో డీసీ-9 గుద్దుకుని కింద ఉన్నవాళ్లతో కలిపి 82 మంది పోయారు. ఆ నివేదికలోనే "చూసి తప్పుకో" పద్ధతికి ఉన్న పరిమితుల గురించి రాశారు. ఆ తర్వాత పెద్ద విమానాల్లో టీకాస్ తప్పనిసరైంది. చిన్నవాటికి మాత్రం చాలావరకు కళ్లే దిక్కు.

టవర్ కట్టేస్తే సరిపోతుందా? అదీ కాదు. 2021 మే 12న డెన్వర్ దగ్గర సెంటెనియల్ ఎయిర్‌పోర్టులో టవర్ ఉండగానే ఒక సిరస్, ఒక మెట్రోలైనర్ గుద్దుకున్నాయి. పక్కపక్క రన్‌వేలు, వేర్వేరు ఫ్రీక్వెన్సీలు. ఒకరికి చెప్పిన మాట ఇంకొకరికి వినపడదు. సిరస్ తన పారాచూట్‌తో దిగింది, మెట్రోలైనర్ పైకప్పు చీలిపోయి కూడా రన్‌వే చేరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదృష్టం.

ఇప్పుడు ఏడీఎస్-బీ ఉంది. ప్రతి విమానం తానెక్కడుందో జీపీఎస్‌తో చూసుకుని ప్రసారం చేస్తుంది. 2020 జనవరి 1 నుంచి అమెరికాలో నియంత్రణ ఉన్న గగనతలంలో ఎక్కువ భాగానికి ఈ ప్రసారం తప్పనిసరి. కానీ పక్కవాడి ప్రసారాన్ని అందుకుని చూపించే రిసీవర్ మాత్రం తప్పనిసరి కాదు. అంటే చట్టం కూడా హారన్ కొట్టమంది, వినమనలేదు.

పాత విమానాలున్న ఓనర్లకి ఖర్చు, స్క్రీన్ చూస్తూ బయటికి చూడటం మర్చిపోతారు... ఈ వాదనల్లో నిజం ఉంది. అయినా ఎయిర్‌పోర్టుల చుట్టూ అయినా రిసీవర్ ఉండాల్సిందే అంటాను. రేడియో విషయంలో మన నెట్‌వర్క్స్ సబ్జెక్టే జవాబు చెబుతుంది. యూడీపీలో పంపినవాడి పని పంపగానే అయిపోతుంది. టీసీపీలో అందిందని జవాబు వస్తేనే అవుతుంది. తిన్నగా వచ్చే పైలట్, ముందున్న విమానం పేరు పెట్టి "నిన్ను చూశాను, నీ వెనకే వస్తున్నాను" అనగలిగితేనే ముందుకు రావాలి. అనలేకపోతే వేగం తగ్గించుకుని అందరితో పాటు చక్కర్లో కలవాలి.

అలాగని పైలట్‌ది తప్పే లేదనను. నాదీ తప్పే. సెమినార్ అయ్యాక ఆ జూనియర్‌ని క్యాంటీన్‌లో పట్టుకుని, "హారన్ కొట్టాను గానీ, స్లో చెయ్యలేదురా" అన్నాను. చెప్పడానికి ఏడాది పట్టింది. వాడు టీ తాగుతూ, "వదిలెయ్ అన్నా. మొన్న అదే మలుపులో ఇంకొకడు పడ్డాడు, తెలుసా?" అన్నాడు.

తెలీదు. అందుకే ఇద్దరం కలిసి ఒక లెటర్ రాశాం. మలుపులో ఒక కుంభాకార దర్పణం, రెండు వైపులా స్పీడ్ బ్రేకర్లు. అంతే అడిగాం. లెటర్ మన క్లబ్ రూంలో టేబుల్ మీద ఉంది. వచ్చి సంతకం పెట్టండి. ఆ మలుపు దగ్గర ఈ లోపు హారన్ కొట్టండి, కానీ కొట్టాక ఆగి వినండి.