మేం మానేయలేదు, మాన్పించారు

మా యాడి ఫైలు మీద ఎర్ర సిరాతో ఒక మాట రాశారు: డిఫాల్టర్. యాడి అంటే మా గోర్ బోలీలో అమ్మ.

ఆ మాట మాకు కొత్త కాదు. శెనక్కాయ పంట ఎండిన ప్రతి ఏడూ బ్యాంకు వాళ్ల నోట మా తాండా విన్నదే. అప్పు తీసుకుని కట్టనోడు డిఫాల్టర్. క్యాన్సర్ వార్డులో కూడా ఆ మాట ఉంటుందని మాత్రం నాకు తెలీదు. అక్కడ దాని అర్థం, వైద్యం మొదలుపెట్టి మధ్యలో మానేసిన మనిషి అని.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట మీదే. మా యాడి మానేయలేదు. ఆమె చేత మాన్పించారు. అనంతపురం మెట్ట మీది తాండాల నుంచి, ఎరుకల వాడల నుంచి పోయి, ఫైలు మీద ఆ మాట వేయించుకుని తిరిగొచ్చిన వాళ్లను ఎవరినైనా కూర్చోబెట్టి అడగండి. ఏం జరిగిందో వరసగా చెప్తారు. ఆ వరస ఎవరూ అడగరు కాబట్టే ఆ మాట అంత సులువుగా రాయగలుగుతున్నారు.

మా వరస చెప్తాను.

యాడిది గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. కొంచెం ముదిరిన దశలో దీనికి వైద్యం ఎక్కడైనా దాదాపు ఒకటే. ఐదారు వారాలు కరెంటు పెడతారు. దాంతోపాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు సెలైన్‌లో ఎక్కిస్తారు. రెండూ కలిపి ఇస్తేనే ఎక్కువమంది బతుకుతున్నారని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1999లోనే డాక్టర్లకు చెప్పింది. సిస్‌ప్లాటిన్ కొత్త మందు కాదు. 1978 నుంచి వాడకంలో ఉంది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. మన దేశంలోనే తయారవుతుంది. లక్షలు పోసి కొనాల్సిన మందు కాదు.

మూడు వారాలు సక్రమంగా ఎక్కింది. నాలుగో వారం పోతే స్టాకు లేదన్నారు. ఎప్పుడొస్తుందంటే ఎవరికీ తెలీదు. చీటీ రాసిచ్చి బయట తెచ్చుకోమన్నారు. యాడి కాళ్ల కడియాలు కుదువ పెట్టి తెచ్చినాం. మందు ఎక్కింది. అయితే ఆ చీటీలో మందు ఒక్కటే లేదు. వాంతులు ఆపే సూది, ఇంటికి పోయాక వేసుకునే మాత్రలు, నోటి పూతకు మందు కూడా ఉన్నాయి. డబ్బు ముఖ్యమైన మందుకే సరిపోయింది. తక్కినవి తర్వాత చూద్దామనుకున్నాం.

ఆ తర్వాత నాలుగు రోజులు యాడి కడుపులో నీళ్లు కూడా నిలవలేదు. ఐదో వారం లేచి నిలబడలేకపోయింది. ఆరో వారం పోనంది. అప్పుడు ఫైలు మీద ఆ మాట పడింది.

చూడండి, కొరత మనిషిని ఎట్లా చంపుతుందో. మందు లేకపోవడంతో అది ఆగదు. ప్రభుత్వం ఇవ్వాల్సిన మందు పేదవాడి చేత కొనిపిస్తుంది. దాంతో వాడు కొనుక్కోవాల్సిన చిన్న మాత్రలు కొనలేడు. చిన్న మాత్రలు లేక పెద్ద మందును ఒళ్లు ఓర్చుకోలేదు. ఒళ్లు ఓర్చుకోలేక మనిషి వెనక్కి తిరుగుతుంది. చివరి మెట్టు మీద నిలబడి చూసేవాళ్లకు ‘మానేసింది’ అని కనిపిస్తుంది. పై మెట్లు ఎవరు కట్టారో వాళ్లు చూడరు.

ఇదే సిస్‌ప్లాటిన్ 2023లో అమెరికాలో దొరకలేదు. గుజరాత్‌లోని ఇంటాస్ కంపెనీ ఫ్యాక్టరీని 2022 నవంబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీ చేసి లోపాలు పట్టింది. కంపెనీ ఉత్పత్తి ఆపింది. ఒక్క ఫ్యాక్టరీ ఆగితే అంత పెద్ద దేశానికీ మందు కరువైంది. చౌక మందు కదా, లాభం తక్కువ, చేసేవాళ్లు కొద్దిమందే, ఒకరు ఆగితే తక్కినవాళ్లు ఆ లోటు పూడ్చలేరు. అక్కడి పెద్ద క్యాన్సర్ కేంద్రాల్లో సర్వే చేస్తే 70 శాతం కేంద్రాలు సిస్‌ప్లాటిన్ తక్కువుందన్నాయి, 93 శాతం కేంద్రాలు దాని చెల్లెలు కార్బోప్లాటిన్ తక్కువుందన్నాయి. పత్రికలన్నీ రాశాయి. ఎవరికి ముందు ఇవ్వాలో, సీసాలో చుక్క వృథా కాకుండా ఎట్లా వాడాలో డాక్టర్ల సంఘాలు సలహాలు రాశాయి. కొద్ది నెలల్లోనే చైనా నుంచి మందు తెప్పించారు.

వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. అక్కడి తల్లీ తల్లే. నేనడిగేది ఒకటే. వాళ్ల కొరతకు లెక్క ఉంది. మా కొరతకు లెక్క ఏది? ఏ ఆసుపత్రిలో ఏ మందు ఎన్ని రోజులు లేదో, ఆ రోజుల్లో ఎంతమంది చేతికి చీటీ ఇచ్చారో గోడ మీద ఎవరైనా రాశారా? మాకు ముందెవరు వెనకెవరని నిర్ణయించే డాక్టర్ల సంఘం లేదు. కుదువ పెట్టే కడియం ఎవరికుందో వాళ్లే ముందు.

ఇక సైడ్ ఎఫెక్టుల సంగతి. “అవి మామూలే, ఓర్చుకోవాలమ్మా” అంటారు. ఎవరు ఓర్చుకోవాలి? ఎక్కడ ఓర్చుకోవాలి?

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను దెబ్బతీసే మందు. అందుకే ముందూ వెనకా సెలైన్ పెడతారు. ఇంటికి పోయాక నీళ్లు బాగా తాగమంటారు. పొత్తికడుపుకు కరెంటు పెడితే విరేచనాలవుతాయి, అప్పుడు ఇంకా ఎక్కువ తాగాలి. ఈ మాట చెప్పిన డాక్టరమ్మది తప్పు కాదు. ఆమె చెప్పింది సరైన మాట. కానీ మాది ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల. బోరు నీళ్లలో ఫ్లోరైడు. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు మంచినీళ్లు తెచ్చింది, అది చాలా మేలు. అయినా ఏ పైపుకైనా చివర ఉండేది తాండానే. మోటరు కాలితే, కరెంటు పోతే మొదట ఎండేది మా కొళాయే. బిందె నీళ్లకు మైలు నడిచే ఇంట్లో ‘నీళ్లు బాగా తాగు’ అనే మాట కూడా ఒక మందు చీటీనే. అదీ బయట తెచ్చుకోవాల్సిందే.

వాంతులు సెలైన్ ఎక్కిన రోజుతో పోవు. రెండో రోజు, మూడో రోజు, ఒక్కోసారి ఐదో రోజు దాకా ఉంటాయి. అప్పటికి మనిషి ఆసుపత్రిలో ఉండదు, బస్సులో ఉంటుంది, లేదా తాండాలో ఉంటుంది. వాంతి మొదలయ్యాక పరిగెత్తితే లాభం తక్కువ. మాత్రలు ముందే వేసుకోవాలి. ఆ మాత్రలు సంచిలో పెట్టి పంపడం ఆసుపత్రి పని.

రక్తంలో తెల్లకణాలు పడిపోయేది మందు ఎక్కిన వారం పది రోజులకు. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. మా తాండాలో ఎన్ని ఇళ్లలో థర్మామీటరు ఉంది? చెయ్యి పెట్టి చూసి, చింతపండు చారు కాచి, తెల్లారాక చూద్దామంటాం. ఆర్ఎంపీ వచ్చి ఒక సూది పొడుస్తాడు. ఆ ఒక్క రాత్రి గడవక పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు జబ్బుతో పోయారని రాస్తారు.

జుట్టు సంగతి కూడా చెప్పాలి. మా ఆడవాళ్లకు పెళ్లయితే జడలకు ఘుగ్రీలు, టోప్లీలు వేలాడతాయి. మొగుడు పోతేనే అవి తీస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ఎర్ర మందు డాక్సోరూబిసిన్ రెండు మూడు వారాల్లో జుట్టంతా రాల్చేస్తుంది. పక్క తాండా అక్క ఒకామె తల మీద ఘుగ్రీలు కట్టే చోటు లేక, వాటిని కొంగున ముడేసుకుని తిరిగింది. మొగుడు బతికుండగానే ఆమెను ముండమోపి అన్న నోళ్లున్నాయి. ఆమె రెండో సూదికి పోలేదు. మందు అయిపోయాక జుట్టు మళ్లీ వస్తుందని ఆమెకు ఎవరూ మా బోలీలో చెప్పలేదు.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి అన్నలారా, అక్కలారా. ఆ మాటన్నది డాక్టరు కాదు, మన తాండానే. రక్తం పోతోందని ఏడాది దాచింది మా యాడే. దాచమన్నది మా ఇంటి పెద్దలే. దేవరకు మేకను కోశాకే ఆసుపత్రి దారి పట్టినాం. వీటిని నేను కప్పిపుచ్చను. కానీ ఇవన్నీ ఆసుపత్రి గడప తొక్కకముందు మన బాధ్యత. గడప తొక్కి, మూడు వారాలు చెయ్యి చాపి సూది వేయించుకున్న మనిషిని నాలుగో వారం వట్టి చేతులతో పంపిన బాధ్యత మనది కాదు.

“అంతా ఉచితమే కదా” అంటారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదటిసారి మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం ఉంది. ఆ పథకం వల్ల బతికిన వాళ్లు మా తాండాల్లోనే ఉన్నారు, కాదనను. అయితే ప్యాకేజీ లెక్క సెలైన్ సీసా చుట్టే తిరుగుతుంది. సీసా అయిపోయాక మొదలయ్యే రోజులు ఎవరి లెక్కలోనూ లేవు. ఆ రోజులకూ ఖర్చుంటుందని ప్రభుత్వమే ఒకసారి ఒప్పుకుంది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో కోలుకునే కాలానికి రోజుకు రూ.225, నెలకు రూ.5,000 దాకా ఇస్తామంది. పనికి పోలేని రోజు కూడా వైద్యంలో భాగమే అన్నది సరైన ఆలోచన. పేర్లు మారినా, పార్టీలు మారినా ఆ ఆలోచన మాత్రం మారకూడదు. కానీ 2024లోనూ 2025లోనూ బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపే దాకా పోయాయి. ప్రభుత్వానికీ ఆసుపత్రికీ మధ్య బకాయి పడితే ఆ బకాయి తీర్చేది సెలైన్ స్టాండు కింద పడుకున్న మనిషి. మరి డిఫాల్టర్ ఎవరు?

ఇంకో మాట. మన్యంలో డోలీ మోస్తే ఫొటో వస్తుంది. రావాలి, అది సిగ్గుపడాల్సిన ఫొటో. మాది మైదానం. అనంతపురంలో షెడ్యూల్డు ప్రాంతం లేదు, ఐటీడీఏ లేదు. రోడ్డుంది, బస్సుంది, కాబట్టి మాకు కష్టం లేదనుకుంటారు. బెంగళూరుకు రెండు వందల కిలోమీటర్లు, కర్నూలుకు నూట యాభై. అంత దూరం ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని, పక్కసీటు వాళ్లు ముక్కు మూసుకుంటుంటే తలొంచుకుని కూర్చునే ఆడమనిషి ఫొటో ఎవరూ తీయరు.

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామంది. మంచిదే. దగ్గర్లో సెలైన్ ఎక్కితే బస్సు బాధ తగ్గుతుంది. కానీ ఆ కేంద్రం సీసా వేలాడదీసి సాయంత్రానికి ఇంటికి పంపడమే అయితే మా కష్టం దూరం తగ్గుతుంది తప్ప కష్టం తగ్గదు. అందుకని ఇవి అడుగుతున్నాం.

ఏ మందు ఉంది, ఏది లేదు అనేది రోజూ గోడ మీద తెలుగులో రాయాలి. లేని మందు కొనే పూచీ ఆసుపత్రిదే కావాలి, చీటీ మా చేతికి రాకూడదు. సెలైన్ ఎక్కిన ప్రతి మనిషికీ వాంతుల మాత్రలు, ఓఆర్ఎస్, థర్మామీటరు ఒక సంచిలో పెట్టి ఇవ్వాలి. ఆ సంచితో పాటు రాత్రి కూడా ఎత్తే ఒక ఫోను నంబరు ఇవ్వాలి. మూడో రోజున, పదో రోజున ఏఎన్ఎమ్మో, ఆశా కార్యకర్తో ఇంటికొచ్చి చూడాలి. జ్వరమొస్తే 108లో ఎక్కడికి తీసుకుపోవాలో ముందే నిర్ణయమై ఉండాలి. కీమో నడిచే ఇంటికి ఆ నెలలన్నీ కూలి నష్టం, మంచినీళ్లు అందించాలి. ఏం జరగబోతోందో మా బోలీలో చెప్పే ఒక మనిషిని వార్డులో పెట్టాలి. వీటిలో ఏదీ పెద్ద యంత్రం కాదు. ఏదీ విదేశం నుంచి తేవాల్సింది కాదు.

యాడి ఇప్పుడు లేదు. ఆ రెండు వారాల సూదులు పడుంటే బతికేదని నేను చెప్పలేను. డాక్టరు కూడా చెప్పలేడు. కానీ ఆమె భయపడి పారిపోయిందని మాత్రం ఎవరూ చెప్పకూడదు. కడియాలు తీసి ఇచ్చిన మనిషి ఆమె.

ఫైళ్లలో ఆ మాట కొట్టేయండి. దాని చోట ఒక గడి గీయండి. ‘ఎందుకు రాలేదు’ అని అడిగి అందులో రాయండి. మందు లేదు, బస్సు చార్జీ లేదు, మాత్రలు లేవు, నీళ్లు లేవు. ఏదైతే అది రాయండి. ఒక్క ఏడాది రాస్తే చాలు, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తేలిపోతుంది.