స్పాన్సర్ సంతకం ఎవరికి దొరుకుతుంది? భావనపాడు తీరం నుంచి పీఆర్ దాకా

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే తెలుగు చానెళ్లలో కొన్నాళ్లు అదే చర్చ నడిచింది. అమెరికా తలుపు మూస్తే ఆస్ట్రేలియా, కెనడా ఉన్నాయి కదా అని కన్సల్టెన్సీలు ధైర్యం చెప్పాయి. చర్చంతా హైదరాబాద్, విజయవాడ, గుంటూరు చుట్టూనే తిరిగింది. తరతరాలుగా వలస మీదే బతుకుతున్న శ్రీకాకుళం తీరం ఊసు అందులో ఎక్కడా రాలేదు.

సంతబొమ్మాళి మండలం భావనపాడునే తీసుకోండి. ఈ తీరంలోని మత్స్యకారులు సొంత సముద్రాన్ని వదిలి గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి, వేరేవాళ్ల పడవల్లో కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులకు చిక్కి 2020 జనవరిలో విడుదలైన 20 మంది ఆంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే. సెంటు భూమి లేని దళిత కుటుంబాలకు నౌపడ ఉప్పు మడులు, రొయ్యల చెరువులు, పలాస జీడి బట్టీలు, లేదంటే రైలెక్కడం. కాస్త ఉత్తరాన ఉద్దానం ఊళ్ల నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్‌కూ, సింగపూర్, మలేషియాలకూ పోతుంటారు. భావనపాడు పేరుతో మొదలై మూలపేట పోర్టుగా మారిన ప్రాజెక్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. వలసలు ఆగుతాయన్నది అప్పటి మాట. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లకైతే ఆ పోర్టే ఇల్లు వదలాల్సిన పరిస్థితి తెచ్చింది.

గల్ఫ్ వలసకు ఒక పరిమితి ఉంది. ఇరవై ఏళ్లు చెమటోడ్చినా అక్కడ పౌరులు కాలేరు. పని అయిపోగానే తిరుగు విమానమే. అందుకే యజమాని స్పాన్సర్ చేస్తే శాశ్వత నివాసం దాకా తీసుకెళ్లే 'రీజనల్' వీసాల గురించి మన వాడల్లో తెలియాలి. ఈ దారి మీద మోజు పెంచడానికి ఇది చెప్పడం లేదు. దాని గేట్ల దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో చూడటానికి చెబుతున్నాను.

దారి ఎలా ఉంటుంది

ఆస్ట్రేలియాలో 2019 నవంబరు 16 నుంచి సబ్‌క్లాస్ 494 అనే వీసా ఉంది. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు తప్ప మిగతా దేశమంతా దాని లెక్కలో రీజనల్ ప్రాంతమే. పెర్త్, అడిలైడ్ కూడా అందులోకే వస్తాయి. అక్కడి యజమాని స్థానికంగా తగిన మనిషి దొరకలేదని చూపించి, విదేశీ కార్మికుణ్ని నామినేట్ చేస్తాడు. వీసా గడువు ఐదేళ్లు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లొచ్చు. మూడేళ్లు నిబంధనల ప్రకారం అక్కడ ఉండి పనిచేసి, పన్ను నోటీసులు చూపిస్తే సబ్‌క్లాస్ 191 కింద పీఆర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కెనడా కూడా 2025 జనవరిలో 14 చిన్న పట్టణ ప్రాంతాలకు ఇలాంటి పైలట్ పథకం ప్రకటించింది. తూర్పున అట్లాంటిక్ రాష్ట్రాలకు అంతకుముందే మరో పథకం ఉంది. అన్నింటిలోనూ సూత్రం ఒకటే. జనం తగ్గుతున్న ప్రాంతానికి కార్మికుడు కావాలి. ఎవరు రావాలన్నది యజమాని సంతకం తేలుస్తుంది.

నిబంధనల్లో కులం అనే మాట ఎక్కడా ఉండదు. మరి మన దగ్గర నుంచి వెళ్లే మనిషికి అది ఎక్కడ తగులుతుంది?

మొదటి గేటు: పని వచ్చు, కాగితం లేదు

ఒక ఉదాహరణ అనుకుందాం. సంతబొమ్మాళి మండలంలో మాలపేట కుర్రాడు. పదో తరగతి తర్వాత ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేశాడు. విశాఖలో, పారాదీప్‌లో, పోర్టు పనుల్లో కాంట్రాక్టరు కింద ఎనిమిదేళ్లు చేశాడు. వెల్డరు ఆస్ట్రేలియా నైపుణ్య జాబితాల్లో ఉన్న వృత్తే. 494కు ఆ వృత్తిలో కనీసం మూడేళ్ల పూర్తికాల అనుభవం అడుగుతారు. ఇతనికి ఎనిమిదేళ్లుంది. అయినా గేటు దాటలేడు.

ఎందుకంటే ఆ అనుభవాన్ని ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా ముందు రుజువు చేయాలి. అపాయింట్‌మెంట్ లెటరు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చేసిన పని వివరంగా రాసిన యజమాని లేఖ కావాలి. తర్వాత సాంకేతిక ఇంటర్వ్యూ, ప్రాక్టికల్. మనవాడు ఉన్నది కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ దగ్గర. జీతం చేతికి నగదుగా వచ్చింది. పీఎఫ్ కట్టారో లేదో తెలియదు. చేతిలో పని ఉన్నా ఫైల్లో లేదు.

ఇది అతని అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు. కంపెనీ రోల్స్ మీద ఎవరుండాలి, కాంట్రాక్టు మస్టర్‌లో ఎవరుండాలి అన్నది మన దేశంలో కులాన్ని బట్టి చాలావరకు ముందే తేలిపోతుంది. ఆ పాత విభజననే విదేశీ గేటు దగ్గర 'స్కిల్డ్' అనీ 'అన్‌స్కిల్డ్' అనీ చదువుతారు.

ఇంగ్లిషు కూడా ఇలాంటిదే. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ కనీసం 6 రావాలి. వెల్డింగ్ టార్చికి ఇంగ్లిషు అవసరం లేకపోయినా దరఖాస్తుకు కావాలి.

చదువుకున్నవాళ్ల దారిలోనూ ఈ జల్లెడ ఉంది. 2023 మేలో భారత్, ఆస్ట్రేలియా కుదుర్చుకున్న వలస ఒప్పందం కింద 'మేట్స్' పథకం వచ్చింది. ఏడాదికి 3,000 మంది యువ నిపుణులకు అవకాశం. దీనికి యజమాని స్పాన్సర్ అక్కర్లేదు. కానీ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వంద సంస్థల్లో చదివి ఉండాలి. శ్రీకాకుళం డిగ్రీ కాలేజీ నుంచి వచ్చిన మొదటి తరం విద్యార్థికి దరఖాస్తు ఫారం తెరవకముందే జవాబు దొరుకుతుంది.

రెండో గేటు: సంతకం ఎవరికి తెలుసు

నైపుణ్యం రుజువైనా యజమాని దొరకాలి. పెర్త్ దగ్గర ఫ్యాబ్రికేషన్ షాపు యజమానికి భావనపాడు కుర్రాడు ఎలా తెలుస్తాడు? ముందే అక్కడున్న బంధువు చెప్పాలి, కులసంఘం వాట్సాప్ గ్రూపులో ఉద్యోగం పడాలి, లేదా ఏజెంటు కావాలి. తొంభైల నుంచి ఐటీ వలసలో ముందున్న కులాలకు మొదటి రెండు దారులూ ఉన్నాయి. మనకు మిగిలింది ఏజెంటు.

ఇక్కడే అప్పు మొదలవుతుంది. వీసా రుసుమే మన లెక్కలో రెండున్నర లక్షలకు పైన. స్కిల్ అసెస్‌మెంట్, ఇంగ్లిషు పరీక్ష, వైద్య పరీక్షలు దానికి అదనం. వీటి మీద 'స్పాన్సర్ ఖర్చు' అని ఏజెంటు ఇంకో పెద్ద మొత్తం అడుగుతాడు. ఈ చివరిది చట్టవిరుద్ధం. స్పాన్సర్ చేసినందుకు డబ్బు అడగడం, ఇవ్వడం రెండూ 2015 డిసెంబరు నుంచి ఆస్ట్రేలియాలో నిషిద్ధం. యజమాని కట్టాల్సిన శిక్షణ లెవీని కార్మికుడి మీద వేయకూడదు. మన దగ్గర లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ పరిమితి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఈ మూడు ముక్కలు ప్రతి ఐటీఐ గోడ మీద రాసి ఉంటే ఎన్ని కుటుంబాలు అప్పు నుంచి తప్పించుకునేవో.

ఈ తీరానికి ఇది పాత కథే. వలస పాలనలో విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను 'కోరంగీలు' అన్నారు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని మనిషే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కార్మికులు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ల చోట బర్మీయులను పెట్టుకున్నారు. అక్కడ రాజుకున్న గొడవలో ఎందరో ప్రాణాలు పోయాయి. 494 ఆ వ్యవస్థ కాదు. కనీస జీతం పరిమితి ఉంది, 2025 జూలై నుంచి అది ఏడాదికి 76,515 ఆస్ట్రేలియన్ డాలర్లు. ఫిర్యాదు చేసే హక్కూ ఉంది. కానీ అప్పుతో వెళ్లిన మనిషి, తన బతుకును పట్టుకున్న ఒకే ఒక్క సంతకం: ఈ రెండూ కలిసినచోట మేస్త్రీ నీడ కనబడుతుంది.

మూడో గేటు: లోపలికి వెళ్లాక

ఆ మూడేళ్లూ యజమానితో పేచీ పెట్టుకోవడం పీఆర్‌తో పేచీ పెట్టుకోవడమే. పని పోతే ఇదివరకు కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 90 రోజులే ఉండేవి. 2024 జూలై 1 నుంచి దాన్ని ఒకసారికి 180 రోజులు, మొత్తం మీద 365 రోజులు చేశారు. దోపిడీని భరించి మౌనంగా ఉండిపోతున్నారని కార్మిక సంఘాలు పోరాడాక వచ్చిన మార్పిది. మనకు చాలా విలువైనది.

మరి ఆ యజమానో, సూపర్‌వైజరో మన ఊరి పక్క ఊరివాడే అయితే? ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఏ వీధి అని అడిగి కులం రాబట్టేవాడైతే? ఆస్ట్రేలియా 1975 జాతి వివక్ష చట్టంలో కులం అనే మాట లేదు. 'వంశం' అనే అర్థమిచ్చే మాట ఉంది. ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2002లోనే ఆ మాటలో కులం కూడా వస్తుందని చెప్పింది. అయినా చట్టంలో సూటిగా రాయనిదాన్ని వీసా చేతిలో లేని మనిషి కోర్టులో రుజువు చేయగలడా? అమెరికాలో సిస్కో మీద 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వం కేసు వేశాకే ఇది బయట పడింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే వీటో చేశాడు. గెలుపూ, ఓటమీ రెండూ మన ముందున్నాయి.

ఏం అడగాలి

ఈ దారి అందరికీ విముక్తి ఇస్తుందని నేననుకోను. వెళ్లేవాళ్లు కొందరే. మిగిలినవాళ్లకు భూమి, ఇక్కడే గౌరవంగా పని కావాలి. కానీ ఆ కొందరిలో కూడా మనవాళ్లు ఉండకూడదని ఎవరు తేల్చారు?

ఎస్సీ ఉప ప్రణాళికకు 2013 నుంచి చట్టం ఉంది. విదేశీ విద్యకు సాయం అంటే మనవాళ్లలోనూ పైచదువుల దాకా చేరగలిగినవాళ్లకే అందుతోంది. అదే నిధులతో ఐటీఐ దళిత, ఆదివాసీ యువతకు స్కిల్ అసెస్‌మెంట్ రుసుము, ఇంగ్లిషు శిక్షణ ఎందుకు ఇవ్వకూడదు? విదేశీ ఉద్యోగాల కోసమే రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఓంక్యాప్ రీజనల్ యజమానులతో నేరుగా మాట్లాడితే ఏజెంటు అవసరమే తగ్గుతుంది. మూలపేట పోర్టు పనుల్లో ప్రతి కాంట్రాక్టు కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటరు, జీతం స్లిప్పు, అనుభవ పత్రం ఇవ్వాలని ఇవాళే అడగొచ్చు. అది ఎలాగూ అతని హక్కు. రేపు ఎవరైనా ఏ దేశం గేటు దగ్గరైనా నిలబడితే, చూపించడానికి చేతిలో ఉండే కాగితం కూడా అదే.