వార్డును వదిలేసినవారికి రాష్ట్రం దక్కదు

ఉత్తరప్రదేశ్‌లో ప్రతి ఎన్నిక తరువాతా అభ్యుదయ శిబిరంలో ఒకే విలాపం వినిపిస్తుంది. శ్రామికులు మతం మత్తులో పడ్డారని ఒకరంటారు. మధ్యతరగతి ఫ్లైఓవర్లకూ మెట్రో రైళ్ళకూ మురిసిపోయిందని మరొకరంటారు. ఆ నేల స్వభావమే అంతని ఇంకొకరు తేల్చేస్తారు. ఓటమికి కారణాన్ని ఎప్పుడూ ఓటరులోనే వెదికే రాజకీయానికి తన లోపం ఎన్నటికీ కనబడదు. ఆ లోపాన్ని అంకెలతో సహా చూపించగల నగరం ఘాజియాబాద్.

2022 శాసనసభ ఎన్నికల్లో జిల్లాలోని 5 స్థానాలనూ (లోనీ, మురాద్‌నగర్, సాహిబాబాద్, ఘాజియాబాద్, మోదీనగర్) భారతీయ జనతా పార్టీ గెలుచుకుంది. 2017లోనూ ఫలితం ఇదే. సాహిబాబాద్‌లో 2022 నాటి ఆధిక్యం 2,14,835 ఓట్లు. మేయరు పీఠం 1995 నుంచి ఆ పార్టీ చేయి దాటలేదు. ఇంతవరకు చూసి నీరుగారిపోయేవారు తక్కిన అంకెలు కూడా చూడాలి. లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ ఆ పార్టీ ఆధిక్యం 2014లో 5.67 లక్షలు, 2019లో 5 లక్షలు, 2024లో 3.36 లక్షలు. కోట గోడ ఏటా ఎత్తు పెరుగుతోందన్న మాట నిజం కాదు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. 2024లో ఘాజియాబాద్ లోక్‌సభ స్థానంలో 29 లక్షలకు పైబడిన ఓటర్లలో దాదాపు సగం మంది పోలింగు కేంద్రానికే రాలేదు. గెలిచిన అభ్యర్థికి పడినవి 8.54 లక్షల ఓట్లు. అంటే జాబితాలో ఉన్న ప్రతి 10 మందిలో ఆయనను కోరుకున్నవారు ముగ్గురు. ఓటు వేయనివారు ఆ ఆధిక్యానికి నాలుగు రెట్లు. వారంతా అభ్యుదయవాదులని ఎవరూ అనరు. అయితే మతోన్మాదులని ముద్ర వేయడానికీ ఆధారం లేదు. వారి తలుపు తట్టినవారెవరు, ఎన్నిసార్లు తట్టారు అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివారికి ‘సంప్రదాయ రాష్ట్రం’ అనే మాట మంచి సాకుగా దొరికింది.

ఈ నగరానికి మరొక చరిత్ర ఉంది. 1988 నవంబరులో ఢిల్లీ, దాని పరిసర పారిశ్రామికవాడల్లో లక్షలాది కార్మికులు 7 రోజుల సమ్మె చేశారు. నెలకు 1,050 రూపాయల కనీస వేతనం నాటి ప్రధాన డిమాండు. సమ్మెకు ముందు జన నాట్య మంచ్ ‘చక్కా జామ్’ అనే వీధినాటకాన్ని కార్మికవాడల్లో ఆడింది. సమ్మె ముగిశాక దానినే ‘హల్లా బోల్’గా తిరగరాసింది. 1989 జనవరి 1న ఆ నాటకాన్ని సాహిబాబాద్‌లోని ఝండాపుర్‌లో ఆడుతుండగా దాడి జరిగింది. రామ్ బహదూర్ అనే కార్మికుడు తుపాకి గుండుకు అక్కడే బలయ్యాడు. తలకు తీవ్ర గాయాలైన సఫ్దర్ హష్మీ మరునాడు ఢిల్లీ ఆసుపత్రిలో మరణించాడు. అప్పటికి ఆయనకు నిండా 35 ఏళ్ళు లేవు. 14 ఏళ్ళ తరువాత, 2003లో, ఘాజియాబాద్ న్యాయస్థానం దోషులకు యావజ్జీవ శిక్ష విధించింది.

ఇది తెలుగునాట ప్రజానాట్యమండలి కళాకారులందరికీ తెలిసిన కథే. హష్మీ పుట్టిన ఏప్రిల్ 12ను వారు వీధినాటక దినంగా జరుపుతూనే ఉన్నారు. కానీ ఆ కథలో ఒక వాక్యం క్రమంగా మరుగున పడింది. ఆ నాటకం ఆ రోజు ఆడింది పురపాలక ఎన్నికల ప్రచారంలో. సిపిఎం మద్దతుతో కౌన్సిలరు పదవికి పోటీ చేస్తున్న రామానంద్ ఝా అనే కార్మిక నాయకుని కోసం. దాడి చేసినది కాంగ్రెసు మద్దతున్న ప్రత్యర్థి వర్గం. హష్మీని కళాకారునిగా స్మరిస్తారు, అమరునిగా స్మరిస్తారు. ఒక వార్డులో ఓట్లడగడానికి వచ్చిన మనిషిగా మాత్రం ఎవరూ స్మరించరు. చంపినవారికి ఆ వార్డు విలువ తెలుసు. స్మరించేవారు దానిని మరచిపోయారు.

ఒక పురపాలక వార్డు కోసం హత్యలెందుకు? నల్లా నీళ్ళు, మురుగుకాలువ, రేషన్ కార్డు, చిరునామా ధ్రువపత్రం, పోలీసు స్టేషనులో ఒక మాట: కార్మికవాడలో బతుకు ఆధారపడేది వీటిమీదనే. ఇవి కాంట్రాక్టరు మనిషి చేతిలో ఉన్నంతకాలం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎర్రజెండా ఎగిరినా, ఇంటికి చేరేసరికి కార్మికుడు మళ్ళీ ఆశ్రితుడే. కౌన్సిలరు సంఘం మనిషైతే ఆ గొలుసులో ఒక కొక్కెం తెగుతుంది. దాడికి దిగినవారికి అర్థమైన రాజకీయశాస్త్రం ఇదే. నాడు లక్నోలోనూ ఢిల్లీలోనూ అధికారంలో ఉన్నది కాంగ్రెసేనన్నది కూడా మరువరాదు. సంప్రదాయ రాష్ట్రం అన్నది ఒక పార్టీ రంగు కాదు. పేదవాడు స్వంతంగా అభ్యర్థిని నిలబెడితే సహించలేని వ్యవస్థ అది. జెండాలు మారినా అది అలాగే ఉంది.

ఈ వాదనకు ఇటీవలి చరిత్రలోనే బలమైన రుజువుంది. 2020 నవంబరు చివరి నుంచి 2021 డిసెంబరు వరకు ఘాజియాబాద్ అంచున, ఢిల్లీలోకి వెళ్ళే గాజీపుర్ సరిహద్దు వద్ద రైతులు ఏడాదికి పైగా శిబిరం వేశారు. 2021 జనవరి 28 రాత్రి అక్కడి నుంచి వారిని ఖాళీ చేయించే ప్రయత్నం జరిగినప్పుడు రాకేశ్ టికాయత్ కంటతడి పెట్టారు. తెల్లవారేసరికి పశ్చిమ ఉత్తరప్రదేశ్ గ్రామాల నుంచి ట్రాక్టర్లు బయలుదేరాయి. చివరకు 2021 నవంబరు 19న మూడు సాగుచట్టాల ఉపసంహరణను ప్రధాని ప్రకటించారు. గుడారాలు లేచిన మూడు నెలలలోపే శాసనసభ ఎన్నికలు వచ్చాయి. గుడారాలు వెలసిన ఘాజియాబాద్ జిల్లాలో 5 స్థానాలకు 5 బిజెపికే దక్కాయి. రైతులు బయలుదేరి వచ్చిన ముజఫర్‌నగర్‌లో, 2013 మతకలహాలు రగిలిన ఆ జిల్లాలోనే, 2017లో మొత్తం 6 గెలిచిన పార్టీ 2022లో 2 స్థానాలతో సరిపెట్టుకుంది. షామ్లీ జిల్లాలో 3 స్థానాల్లో ఒక్కటీ గెలవలేదు.

కుల సమీకరణలూ పార్టీల పొత్తులూ ఇందులో పాత్ర వహించాయి, నిజమే. అయినా పాఠం స్పష్టం. ఓటు మారింది గుడారం ఉన్నచోట కాదు, ఊరు కదిలినచోట. ముజఫర్‌నగర్‌లో పంచాయతీ ఉంది, హుక్కా చుట్టూ కూర్చుని మాట్లాడుకునే చావడి ఉంది, సంఘానికి ఇంటింటి లెక్క తెలుసు. ఘాజియాబాద్ నగరవాసికి ఆ ఉద్యమం రోడ్డు మూసివేతగా మాత్రమే అనుభవమైంది. వసుంధర, వైశాలి, ఇందిరాపురం అపార్టుమెంట్ల వారితోనూ సాహిబాబాద్ కార్మికులతోనూ ఆ ఏడాదిలో కూర్చుని మాట్లాడవలసినవారు మాట్లాడలేదు. వేదికలెక్కి సంఘీభావం తెలిపి వెళ్ళిన అభ్యుదయ నాయకులు వేదిక వెనుక ఉన్న నగరాన్ని చూడలేదు.

ఎదుటి పక్షం ఏం చేస్తున్నదో చూడండి. ఓటర్ల జాబితాలో ప్రతి పేజీకి ఒక బాధ్యుడిని నియమించి, ‘పన్నా ప్రముఖ్’ అని పేరు పెట్టింది. శ్రావణమాసంలో కాఁవడ్ యాత్రికులకు నీళ్ళూ భోజనమూ అందించే శిబిరాల్లో దాని మనుషులుంటారు. కాలనీ సంక్షేమ సంఘాల్లో ఉంటారు. చావుకూ పెళ్ళికీ వస్తారు. ఇందులో విద్వేష ప్రచారం లేదని కాదు, పుష్కలంగా ఉంది. అయితే విద్వేషం గాలిలో ఎగిరి రాదు. నమ్మకస్తుడైన పొరుగువాడి నోటి ద్వారానే వస్తుంది. ఆ పొరుగువాడి స్థానాన్ని ఖాళీగా వదిలి ట్విట్టరులో ఖండనలు రాసేవారు తమకు తామే ఓదార్పు చెప్పుకుంటున్నారు.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని, అందరూ చిన్నచూపు చూసే పని, ఓటర్ల జాబితా. సాహిబాబాద్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిలో బిహార్ నుంచీ పూర్వాంచల్ నుంచీ వచ్చినవారు చాలామంది. అద్దె గదికి ఒప్పందపత్రం ఉండదు. ఓటు ఊళ్ళో ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. 2025 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో 2003 నాటి జాబితాలో తన పేరో తల్లిదండ్రుల పేరో చూపవలసి వచ్చింది. గదులు మారుతూ బతికే మనిషి ఇలాంటి వడపోతలో జారిపోవడం సులువు. అతని పక్కన కూర్చుని ఫారం నింపించే కార్యకర్త ఉండటం, ఆ పని పూర్తయ్యాక ఆరు నెలలకు మళ్ళీ వెళ్ళి పేరు నిలిచిందో లేదో చూడటం: ఇదీ నేటి ఉత్తరప్రదేశ్‌లో అభ్యుదయ రాజకీయం. దీని ముందు పది సెమినార్లు దిగదుడుపే.

ఓటు లేని కార్మికునికి ప్రభుత్వం ఎందుకు భయపడుతుంది? 2020 మే నెలలో, వలస కార్మికులు ఇదే ఘాజియాబాద్ సరిహద్దు గుండా కాలినడకన ఊళ్ళకు పోతున్న రోజుల్లో, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పనిదినాన్ని 12 గంటలకు పెంచుతూ ఉత్తర్వు తెచ్చింది. అలహాబాద్ హైకోర్టు నోటీసు ఇచ్చిన తరువాత గాని వెనక్కి తీసుకోలేదు. కనీస వేతనం సంగతి సరేసరి. 2024 చివరికి అనిపుణ కార్మికునికి ఢిల్లీలో నెలకు 18 వేల రూపాయలు దాటగా, సరిహద్దు గీతకు ఇవతల ఉత్తరప్రదేశ్‌లో 11 వేలకు చేరలేదు. ఒకే మెట్రో మార్గం, ఒకే మార్కెట్టు, ఒకే రకం యంత్రం. చెమట ధర మాత్రం వేరు. 1988 సమ్మె లేవనెత్తిన ప్రశ్న ఇంకా అక్కడే నిలబడి ఉంది. దానిని ఎన్నికల ప్రశ్నగా మార్చగల సంస్థ లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు వినబడతాయి. వామపక్షాలు వార్డుల్లో పోటీ చేస్తే వ్యతిరేక ఓటు చీలి బిజెపికి లాభమన్నది మొదటిది. 2 లక్షల ఆధిక్యాలు వచ్చేచోట చీలడానికి ఏముంది? పైగా పొత్తులో సీటు అడగాలన్నా వార్డులో బలం చూపాలి. చేతిలో ఏమీ లేనివాడికి పొత్తు దొరకదు, దయ దొరుకుతుంది. రెండవది భయం. ఉత్తరప్రదేశ్‌లో కేసులు పెడతారు, కొడతారు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసిపారేసే హక్కు దూరాన ఉన్న ఎవరికీ లేదు. ఝండాపుర్ నేలే దానికి సాక్ష్యం. కానీ అదే నేల మరొకటి కూడా చెబుతుంది. 1989 జనవరి 4న, హష్మీ మరణించిన రెండు రోజులకు, ఆయన సహచరి మలయశ్రీ హష్మీ బృందంతో అదే స్థలానికి తిరిగివచ్చి ఆగిపోయిన నాటకాన్ని పూర్తిచేశారు. కార్మికులు వేలాదిగా వచ్చి చూశారు. ఆ చరిత్రలో అనుసరించదగినది మరణం కాదు, తిరిగి రావడం. నేటికీ జనవరి 1న అక్కడ నాటకం ఆడుతున్నారు, సభ జరుపుతున్నారు. అది గొప్ప విషయమే. ఏడాదిలో తక్కిన 364 రోజుల సంగతి ఏమిటన్నదే ప్రశ్న.

తెలుగువారు ఈ ప్రశ్నను ఉత్తరాది వ్యవహారమని పక్కన పెట్టలేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1994 ఎన్నికల వాగ్దానం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాని ఫలితాలే. 1997లో నిషేధాన్ని ఎత్తివేసినప్పుడు అంతటి ప్రతిఘటన రాలేదు. ఊరూరా పుట్టిన కూటములను ఎవరూ నిలబెట్టుకోకపోవడమే అందుకు ఒక కారణం. అదే 1994లో తెలుగుదేశం పొత్తుతో సిపిఐ 19, సిపిఎం 15 స్థానాలు గెలిచాయి. విభజన తరువాత జరిగిన మూడు ఎన్నికల్లోనూ ఆంధ్రప్రదేశ్ శాసనసభకు కమ్యూనిస్టు సభ్యుడు ఒక్కడూ ఎన్నిక కాలేదు. ఆంధ్ర సంప్రదాయ రాష్ట్రమని ఎవరూ అనలేదే! పొత్తులో సీట్లు వచ్చిన రోజుల్లో వార్డులను వదిలేసినందుకు కట్టిన మూల్యం ఇది.

ఉత్తరప్రదేశ్ శాసనసభకు 2027 ఆరంభంలో ఎన్నికలు జరగాలి. ఘాజియాబాద్‌లో అభ్యుదయ శక్తులు అప్పటికి అద్భుతం చేస్తాయని ఆశించడం ఆత్మవంచన. 2023 మేలో ముగిసిన నగరపాలక ఎన్నికల లెక్కన తరువాతివి 2028లో రావాలి. లక్ష్యం అది కావాలి. సాహిబాబాద్ పరిధిలో ఐదారు వార్డులు ఎంచుకోవాలి. ఇప్పుడే అభ్యర్థిని నిర్ణయించాలి. జాబితాలో పేజీకొక మనిషిని పెట్టాలి. నీటి బిల్లు నుంచి పిఎఫ్ బకాయి దాకా ప్రతి పనికీ ఆ మనిషే కనబడాలి. కాఁవడ్ యాత్రికునికి దాహమైతే నీళ్ళిచ్చే చేతిలో ఎర్రజెండా మనిషి చేయి కూడా ఉండాలి. అది మతానికి లొంగడం కాదు, పొరుగువాడిగా ఉండటం. ఈ ఐదారు వార్డుల్లో ఓడిపోయినా, ఓడినదెన్ని ఓట్లతోనో, ఆ ఓట్లు ఏ వీధిలోవో తెలుస్తుంది. ఆపాటి లెక్క కూడా చేతిలో లేని పార్టీకి రాష్ట్ర స్వభావం గురించి తీర్పు చెప్పే అర్హత లేదు.